తెడ్డు ఎవరి చేతిలో

మారిట్, ఎల్డన్ విడాకులు తీసుకున్నప్పుడు ఇల్లు ఆమెకూ, కుక్క అతనికీ, కోళ్లు ఆమెకూ, రంపాలు అతనికీ అని పంపకాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో పూర్తయ్యాయి. తెగనిది పడవ ఒక్కటే. అది కొన్న పడవ కాదు. ఊళ్లో కలప మిల్లు మూతపడిన ఏడాది, ఎల్డన్ ఖాళీగా కూర్చుని పిచ్చెక్కిపోతుంటే, ఇద్దరూ కలిసి షెడ్డులో దేవదారు చెక్కలు వంచి, జిగురు పూసి, చలికాలమంతా కష్టపడి కట్టుకున్నది. అడుగు చదునుగా, రెండు కొసలూ పైకి లేచి, ఆల్డర్ నది రాళ్ల మధ్య ఆకులా తేలిపోయేది. అమ్మేద్దామని ఒకరూ అనలేదు, నువ్వే ఉంచుకోమని ఇంకొకరూ అనలేదు. చివరికి లాయరమ్మ విసుగెత్తి, ఒక వారం ఆమె, ఒక వారం అతను వాడుకోండని రాసి సంతకాలు పెట్టించింది.

ఆ లాయరమ్మ జన్మలో స్టీల్‌హెడ్ కోసం గాలం వేసిన మనిషి కాదని మారిట్‌కు మొదటి చలికాలమే అర్థమైంది. స్టీల్‌హెడ్ సముద్రంలో బలిసి, చలికాలపు వానలకు ఏరు పొంగగానే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేప. అది క్యాలెండరు చూసి రాదు. ఏరు పొంగినప్పుడు నీళ్లు కాఫీలా ఉంటాయి, ఈకలు చుట్టిన ఎరను దాని ముక్కు ముందు ఆడించినా కనపడదు. వాన ఆగి, వరద తీసి, నీళ్లు పచ్చ సీసాలా తేటపడే రోజులు ఏడాదికి ఏవో కొన్ని. ఆ రోజు ఎవరి వారంలో పడితే వాళ్ల అదృష్టం. విడిపోయిన దగ్గర్నుంచీ ఆ రోజు ఎల్డన్ వారంలోనే పడుతూ వచ్చింది. పడనప్పుడు, పడేట్టుగా అతను లెక్క మార్చేవాడు.

ఆ జనవరిలో ఏరు చాలా రోజులు బురదగా పారి, ఒక శనివారానికి తేటపడుతుందని తేలింది. అది మారిట్ వారం. పడవను ట్రెయిలర్‌తో సహా తెచ్చి తన వాకిట్లో వదలమని ఎల్డన్‌కు ముందే ఫోన్ చేసి చెప్పింది. సరేనన్నాడు. శనివారం తెల్లవారుజామున లేచి చూస్తే వాకిట్లో కోళ్లు తప్ప ఏమీ లేవు. మారిట్‌కు సంగతి అర్థమై, గాలపు కర్ర కారులో పడేసుకుని నేరుగా పై రేవుకు వెళ్లింది. అక్కడ ఎల్డన్ ట్రెయిలర్ మీద నుంచి పడవ తాళ్లు విప్పుతున్నాడు.

"ఇది నా వారం, ఎల్డన్."

"మంచు పడ్డ వారం నాది కదా. రోడ్డే మూసేశారు. జరగని వారాన్ని వారమని ఎలా అంటాం? అది ఇటు జరిగింది, అంతే."

"పోయినేడు నా వారంలో వరదొచ్చింది. అప్పుడు జరగలేదే?"

"వరద వేరు, మంచు వేరు," అన్నాడు ఎల్డన్, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా.

ఆ ఓపిక చూస్తేనే మారిట్‌కు ఒళ్లు మండేది. కాపురం చేసినన్నాళ్లూ అతను ఆమె మీద ఒక్కసారి కూడా అరవలేదు. అరిచుంటే తిరిగి అరవడానికి వీలుండేది. అతను వివరించేవాడు. గుడ్లు ఎలా ఉడకబెట్టాలో, బస్సు గేరు ఎప్పుడు మార్చాలో కూడా. ఆమె స్కూలు బస్సు నడపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అతను జీవితంలో బస్సు నడపలేదు.

వాళ్లు అలా వాదించుకుంటుంటే రేవు రోడ్డు మీద వెనక పడవలు కట్టుకున్న మరో మూడు బండ్లు వచ్చి ఆగాయి. మొదటి బండిలోంచి గడ్డం ఉన్న ఒకాయన తల బయటికి పెట్టి, మొగుడూ పెళ్లాలు ఇంటికెళ్లి పోట్లాడుకోవచ్చునని, ముందు పడవన్నా దించమని, లేదంటే రేవన్నా వదలమని అన్నాడు. తాము మొగుడూ పెళ్లాలం కాదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అయితే మరీ మంచిది, దించండన్నాడాయన.

అలా ఇద్దరూ ఒకే పడవ ఎక్కాల్సి వచ్చింది. పడవను ఒడ్డున కట్టేసి, రెండు బండ్లూ పడవ చివరికి చేరే కింది రేవుకు తీసుకెళ్లి, ట్రెయిలర్ ఉన్న ఎల్డన్ బండిని అక్కడ వదిలి, మారిట్ కారులో మళ్లీ పైకి వచ్చారు. దిగేముందు ఎల్డన్ తన బండి తాళంచెవిని జేబులోంచి తీసి, ఏట్లో పడితే కష్టమని చెప్పి, జాగ్రత్తగా ఆమె కారులోనే కప్పు పెట్టే చోట పెట్టాడు. మారిట్ ఆ సమయంలో తన రబ్బరు బూట్లు తొడుక్కుంటూ ఉంది. విన్నది గానీ బుర్రకెక్కలేదు. అప్పటికే ఆమె అతని మాటలు వినడం మానేసి పూట గడుపుకునే పద్ధతిలోకి వెళ్లిపోయింది.

ఎల్డన్ నడుమ కూర్చుని తెడ్లు పట్టాడు. అది ఎప్పుడూ అంతే. పడవ కట్టిన నాటి నుంచీ తెడ్లు అతనివి, ముందు నిలబడి గాలం వెయ్యడం ఆమెది. ఊళ్లోవాళ్లకది మర్యాదలా కనపడేది. చూడండి, పెళ్లాన్ని చేపలు పట్టనిచ్చి తను కష్టపడుతున్నాడు అనేవాళ్లు. మారిట్ కూడా చాలాకాలం అలాగే అనుకుంది. ఒకసారి తెడ్లు తనకిమ్మని అడిగితే, నువ్వు రాళ్లకు కొట్టేస్తావని నవ్వాడు. తర్వాత మళ్లీ అడిగితే, నీ భుజానికి మంచిది కాదన్నాడు. ఇంకోసారి అడిగితే, వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆమె అడగడం మానేసింది.

ఆ ఉదయం ఏరు నిజంగానే అందంగా ఉంది. రెండొడ్డుల వెంటా నాచు పట్టిన చెట్లు, వాటి మీద నుంచి పొగమంచు నెమ్మదిగా లేస్తోంది. మారిట్ ముందు నిలబడి గాలపు తాడు వదిలి, ఊపి, అవతలి ఒడ్డు వైపు విసిరింది. ఎర నీళ్లలో పడి, వాలుకు అడ్డంగా, చిన్న రొయ్య ఈదుతున్నట్టు మెల్లగా తిరిగి వచ్చింది. ఆ తిరుగుడులోనే ఉంటుంది అంతా. చేప కొట్టేదాకా మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదు, నోరు మూసుకుని ఎదురు చూడటం తప్ప.

"ఇంకో రెండడుగులు పైకి వెయ్యాల్సింది," అన్నాడు ఎల్డన్.

ఆమె మళ్లీ విసిరింది. ఈసారి తాడు ఎక్కువ వదిలావన్నాడు. ఆ తర్వాత ఎర రంగు గురించి మాట్లాడాడు. ఊదారంగు ఈ నీళ్లకు పనికిరాదట, నారింజ ఉండాలట. మధ్యమధ్య పొగబెట్టిన ఆలుచిప్పల డబ్బా తెరిచి వేళ్లతో తీసుకుని తిన్నాడు, ఆ వాసన పడవంతా కమ్మేసింది. ఆ నూనె చేతులతోనే ఆమె ఎర మార్చడానికి చెయ్యి చాపాడు. వంతెన దాటేసరికి మారిట్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. చేప ఒక్కటీ ముట్టలేదు. ముట్టకపోవడానికి కారణాలు మాత్రం పుష్కలంగా వినిపించాయి.

భోజనానికి ఒడ్డున ఆగినప్పుడు ఆమె రొట్టె ముక్క తినడం ముగించి, లేచి వెళ్లి, తెడ్ల మధ్య కూర్చుంది.

"ఏంటి?" అన్నాడు ఎల్డన్.

"ఇప్పుడు నువ్వు గాలం వెయ్యి. నేను నడుపుతాను."

"మారిట్, ముందు అత్తగారి మలుపు ఉంది, ఆ బండ ఉంది."

"తెలుసు. అది అక్కడే ఉంది, ఎప్పటి నుంచో."

"అదిగాదు, నీళ్లు ఎక్కువున్నాయి..."

"కాగితం మీద ఇది నా వారం. సగం పడవ కూడా నాదే. ఎక్కుతావా, నడిచొస్తావా?"

ఎల్డన్ ఒడ్డు మీద కాసేపు నిలబడ్డాడు. నడిచి రావడం గురించి నిజంగానే ఆలోచిస్తున్నట్టు కనపడ్డాడు. తర్వాత ఎక్కి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

మారిట్ తెడ్లు నీళ్లలో ముంచి, ఏటి వాలుకు ఎదురుగా వెనక్కి లాగింది. పడవ వేగం తగ్గి, చెప్పినట్టు విన్నది. ఇన్నేళ్లుగా ముందు నిలబడి అతను ఏ రాయి దగ్గర ఎటు లాగుతాడో కాళ్ల కింద తెలుసుకుంటూనే వచ్చింది. ఇప్పుడు అది చేతుల్లోకి వచ్చింది, అంతే. చిన్న చిన్న వాలులు మూడు దాటించింది. ఒక్క రాయికీ తగల్లేదు. నోటికి ఏదో తియ్యగా తగిలినట్టయింది ఆమెకు.

ఎల్డన్‌కు మాత్రం గాలం మీద ధ్యాస లేదు. విసరడం ఏటిలోకే విసిరేవాడు గానీ, మెడ తిప్పి ఆమె తెడ్లనే చూసేవాడు. ఎడమ తక్కువ, కుడి ఎక్కువ, అంత లోతు ముంచకు, ఇక్కడ ఆపు, ఇక్కడ ఆపకు. మారిట్ పళ్లు బిగబట్టి లాగింది. అతను ఎడమ అన్నప్పుడల్లా ఆమె ఏటిని చూసి తనకు తోచింది చేసింది. అది చాలాసార్లు ఎడమే అయింది, దాంతో ఆమెకు ఇంకా మండింది.

అలా వెనక్కి తిరిగి కుడి తెడ్డు గురించి చెబుతుండగానే అతని చేతిలోని గాలపు కర్ర విల్లులా వంగిపోయింది.

చేప నీళ్లలోంచి లేచింది. వెండిలా, మనిషి కాలంత పొడుగు. గాలిలో ఒకసారి మెలి తిరిగి పడి, దిగువకు పరుగు తీసింది. గాలపు కర్ర చక్రం మీద తాడు గిర్రున తిరుగుతూ ఏడ్చినట్టు చప్పుడు చేసింది. ఎల్డన్ నోట మాట ఆగిపోయింది. ఆ ఉదయం నుంచి అతను నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

చేప అత్తగారి మలుపులోకి దిగింది. అక్కడ ఏరు సన్నబడి, మధ్యనున్న పెద్ద బండకు కొట్టుకుని, ఎడమకు విరుచుకుపడుతుంది. తాడు తెగకుండా ఉండాలంటే చేప వెనకే పడవ వెళ్లాలి. మారిట్ అతన్ని అడగలేదు. పడవ మూతిని బండ వైపే తిప్పి, బలంగా వెనక్కి లాగుతూ, ప్రవాహం ఆమెను కుడి పాయలోకి తోసేవరకూ ఆగింది. అదే దారి. అతను కూడా అలాగే చేసేవాడు, వందసార్లు చేశాడు. కానీ తెడ్ల దగ్గర కూర్చుని చూస్తే ఆ బండ ఒకలా కనపడుతుంది, ముందు నిలబడి చూస్తే మీద పడబోతున్నట్టు కనపడుతుంది. ఎల్డన్ ఎప్పుడూ ముందు నిలబడలేదు.

"కొడుతున్నావ్, కొట్టేస్తున్నావ్," అంటూ అతను గాలపు కర్రను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, వెనక్కి తిరిగి, ఆమె చేతిలోని కుడి తెడ్డు పట్టుకుని గుంజాడు.

తెడ్డు కొక్కెంలోంచి ఊడి వచ్చింది. ఒక్క క్షణం అది ఇద్దరి చేతుల్లోనూ ఉంది, తర్వాత ఎవరి చేతిలోనూ లేదు. పడవ అడ్డం తిరిగి, పక్క మొత్తం బండకు ఆనుకుంది. ఎగువ వైపు అంచు కిందికి వంగి ఏరంతా లోపలికి వచ్చింది. మారిట్ అతని కాలరు పట్టుకుని బండ మీదికి లాగింది. బండ మీద నుంచి, నడుము లోతు నీళ్లలో, ఒకరి బెల్టు ఒకరు పట్టుకుని గులకరాళ్ల దిబ్బకు చేరేసరికి, వెనక పడవ ఒక మూలుగు మూలిగి బండను వదిలి, నీళ్లతో నిండి, బోర్లా పడి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. గాలపు కర్ర, చేప, ఆలుచిప్పల డబ్బా, అన్నీ దానితోనే పోయాయి.

ఇద్దరూ నిలబడి నీళ్లు కారుతూ చూశారు. అప్పుడే సన్నగా వాన కూడా మొదలైంది.

"పడవ మూతిని ఇంకాస్త ఎడమకు పట్టి ఉంటే..." అని మొదలుపెట్టాడు ఎల్డన్.

మారిట్ అతని వైపు తిరిగింది. ఇన్నేళ్లుగా అనాలనుకున్నవి చాలా ఉన్నాయి. అన్నీ గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరికి ఒకటే బయటికొచ్చింది.

"ఎల్డన్, తెడ్డు నా చేతిలో ఉంది."

అతను నోరు తెరిచేసరికి పళ్లు కొట్టుకుంటున్నాయి. అతని రబ్బరు ప్యాంటులోకి నీళ్లు చొరబడి రొమ్ముదాకా తడిశాడు. పెదవులు నీలంగా మారాయి. మారిట్‌కు కోపంగా ఉండటానికి కూడా తీరికలేకుండా పోయింది. అతన్ని చెట్ల కిందికి తోసుకెళ్లి, తడి స్వెట్టరు విప్పించి, తన లోపలి పొడి చొక్కా తొడిగింది. జేబులోని రబ్బరు సంచిలో భద్రంగా ఉన్న లైటరు తీసి, దేవదారు మాను కింద ఎండు రెమ్మలు ఏరి మంట వెయ్యసాగింది.

"ముందు స-సన్నవి పెట్టు. గ-గాలి ఇటు వస్తోంది, అటు తిప్పు," అన్నాడు ఎల్డన్ వణుకుతూ.

ఆమె చేతిలోని రెమ్మను విరిచింది. అవసరమైన దానికంటే గట్టిగా విరిచింది. మంట అంటుకుంది. అతను దాని మీదికి ఒంగి చేతులు చాపాడు. అతని వేళ్లు ముడతలు పడి, ముసలివాడి వేళ్లలా ఉన్నాయి. అవెప్పుడు అలా అయ్యాయో ఆమె గమనించలేదు. అది కూడా ఆమెకు చిరాకే తెప్పించింది, ఈ సమయంలో జాలి పడాల్సి రావడం.

అతని వణుకు తగ్గాక దుప్పులు తొక్కిన దారిలో పొదలు తోసుకుంటూ రోడ్డెక్కారు. కింది రేవు దాకా నడిచారు. ఎల్డన్ బండి, ఖాళీ ట్రెయిలర్, పెట్టిన చోటే ఉన్నాయి. లోపల హీటరు ఉంది, వెనక సీటులో దుప్పటి ఉంది. అద్దంలోంచి కనపడుతూనే ఉంది. ఎల్డన్ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"నీ కారులో పెట్టాను," అన్నాడు మెల్లగా. "ఏట్లో పడుతుందని."

మారిట్ ట్రెయిలర్ ఇనుప కమ్మీ మీద కూర్చుని మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. ఎల్డన్ ఆమె ఏడుస్తోందనుకున్నాడు గానీ, ఏడుపు కాదు. అరవడానికి కూడా ఓపిక మిగల్లేదు. అతను పక్కన కూర్చోబోయి, ఆమె భుజం చూసి, మానుకుని నిలబడే ఉన్నాడు. చీకటి పడేలోపు, పాలడెయిరీ నడిపే రోజలీ పిమెంటెల్ అనే ఆమె బండిలో గడ్డిమోపులు వేసుకుని అటుగా వస్తూ ఇద్దర్నీ ఎక్కించుకుంది. ముందు సీటులో రోజలీ, ఆమె కుక్క, మారిట్. ఎల్డన్ వెనక గడ్డిలో కూర్చున్నాడు. పడవ ఎలా పోయిందని రోజలీ అడిగితే, ఏటిలో పోయిందని మాత్రం చెప్పింది మారిట్.

కొద్ది రోజులకు రోజలీయే ఎల్డన్‌కు ఫోన్ చేసింది. పడవ వరదకు కొట్టుకొచ్చి ఆమె పచ్చికబయలు చివర కంచెకు తట్టుకుందట. ఎల్డన్ మారిట్‌ను కూడా రమ్మన్నాడు. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లింది. ఆవులు చుట్టూ నిలబడి చూస్తున్నాయి. పడవ ఒక పక్క చెక్క పగిలి లోపలికి పోయింది, లోపలి బద్దలు బయటపడ్డాయి. ఎల్డన్ మోకాళ్ల మీద కూర్చుని పగులు చుట్టూ చేత్తో తడిమాడు.

"మనం బాగు చేసుకోవచ్చు," అన్నాడు. "దేవదారు నా దగ్గర ఉంది. ఒక చలికాలం పట్టుద్ది."

"మనం" అన్న మాట దగ్గర మారిట్ ఆగిపోయింది. ఈలోగా ఊళ్లో కాఫీ కొట్టు దగ్గర, పడవను తనే బండకు కొట్టిందని అతను అందరికీ చెప్పి ఉంటాడని అనుమానపడింది. బస్సులో పిల్లలు కూడా ఏదో ఒకటి అంటారనుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. అతను ఏం చెప్పాడో ఆమెకు తెలియదు, అడగదలచుకోలేదు.

"బాగు చేసుకో," అంది. "పడవ నీదే. కాగితం కావాలంటే రాసిస్తాను."

అతను తలెత్తాడు. "అదేంటి, సగం నీదిగా."

"నాకొద్దు."

ఎల్డన్ చాలాసేపు పడవ వైపే చూశాడు. తర్వాత ఆవులకు చెబుతున్నట్టు, "తెడ్డు నేను పట్టుకోకుండా ఉండాల్సింది," అన్నాడు. "కానీ నువ్వు కూడా..."

"అక్కడ ఆపు, ఎల్డన్. ఆ మొదటి మాట దగ్గరే ఆపు."

అతను ఆపాడు. అది అతనికి ఎంత కష్టమైందో ఆమె కళ్లారా చూసింది. మెడ నరాలు కూడా ఉబ్బాయి. ఆమె కంచె దాటి కారెక్కి వెళ్లిపోయింది.

వసంతంలో మారిట్ ఒంటి మనిషి కూర్చునే కయాక్ ఒకటి, ఎవరో వాడి వదిలేసిన ఎర్రది, తెచ్చుకుంది. సీటు పగిలి, పక్కలన్నీ గీతలు పడి ఉంది. మొదటి రోజు కింది రేవు దగ్గర నిదానపు నీళ్లలోనే రెండుసార్లు బోర్లా పడింది. ఒడ్డున ఎవరూ లేరు. లేచి, నీళ్లు వంపి, మళ్లీ ఎక్కింది. అందులో నిలబడి విసరడం కుదరదు. కూర్చుని విసరడం చేతికి కొత్త. తాడు తలకు చుట్టుకుంది, టోపీకి గాలం గుచ్చుకుంది. తనను తానే గట్టిగా తిట్టుకుంది. ఆ తిట్లు తనవే కావడంలో ఎంతో కొంత హాయి ఉంది.

చేపలు ఇంకా ఏట్లోకి వస్తూనే ఉన్నాయి, చివరి విడతవి. బస్సు డ్యూటీ అయ్యాక సాయంత్రాలు వెళ్లేది. ఖాళీ చేతులతో చాలా సాయంత్రాలు తిరిగొచ్చింది. మార్చి చివర ఒక రోజు, వంతెన కింద గట్టు నీడలో, ఊదారంగు ఎర తిరిగి వస్తుండగా తాడు రాయికి తట్టుకున్నట్టు ఆగింది. తర్వాత రాయి కదిలింది. చేప కయాక్‌ను ముక్కు పట్టి ఏటి పొడవునా లాక్కెళ్లింది, మారిట్ మోకాళ్లతో దాన్ని నిలబెట్టుకుంటూ, నవ్వుతూ, తిడుతూ, అది అలిసేదాకా దాని వెనకే వెళ్లింది. ఇసుక మేట దగ్గర దిగి, మోకాలి లోతులో దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆడచేప. పక్కన గులాబిరంగు చార సన్నగా వస్తోంది. వీపు చివర చిన్న రెక్క చెక్కుచెదరకుండా ఉంది. పెంచి ఏట్లో వదిలే చేపలకు ఆ రెక్క కత్తిరిస్తారు; ఇది అడవి చేప, చట్టప్రకారం వదలాల్సిందే. గాలం తీసి, తల ఎదురు నీళ్లకు పెట్టి పట్టుకుంది. అది మొప్పలు ఆడించి, ఆమె చేతుల్లోంచి బలంగా జారి లోతులోకి పోయింది.

చుట్టూ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లుగా ఆమె కోరుకున్నది అదే. కాసేపు ఆ నిశ్శబ్దంలో నిలబడింది. తర్వాత ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కింటి ఆమెకు చెబితే, చేప పట్టి వదిలేశావా, ఎందుకు అంటుంది. బస్సు డిపోలో చెబితే ఎంత బరువుందని అడుగుతారు. అది కొట్టిన తీరు, తాడు ఆగిపోయిన ఆ క్షణం, ఇవి చెబితే తెలిసే మనిషి ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు విసుగొచ్చింది.

ఇంటికెళ్లి, తడి బట్టలు మార్చుకుని, పొయ్యి మీద పెనం పెట్టి, అతనికి ఫోన్ చేసింది. షెడ్డులో ఉన్నాడేమో, చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించి ఆగింది. విషయం చెప్పింది. 

"ఆడదా?" అన్నాడు ఎల్డన్.

"ఆడదే."

"వంతెన కిందా? గట్టు పక్కనా?"

"అవును."

"బాగుంది, మారిట్," అన్నాడు. గొంతులో నిజంగానే సంతోషం ఉంది. "చాలా బాగుంది." ఆ తర్వాత ఊపిరి పీల్చుకుని, "అయితే ఊదారంగు వేసి ఉంటావు. చూడు, ఆ నీళ్లకు ఊదా పడింది గానీ, నువ్వు గనక నారింజ వేసి, ఇంకో రెండడుగులు పైనుంచి..." అని అందుకున్నాడు.

మారిట్ ఫోన్‌ను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. పెనంలో వెన్న వేసి రెండు గుడ్లు పగలగొట్టింది. అతను చెబుతూనే ఉన్నాడు. ఆమె ఉప్పు చల్లి, అంచులు ఎర్రబడేదాకా వేగనిచ్చి, పళ్లెంలోకి తీసుకుని, ఫోనుకు ఎదురుగా కూర్చుని తిన్నది.